వేలిముద్ర పడలేదు

కాశీబుగ్గ మున్సిపల్ ఆఫీసు గోడకి
మైదా జిగురు పూసి నేనే అంటించాను నోటీసు.
రైలుగేటు అవతల, పదమూడో వార్డులో
జీడిపిక్కలు ఉడికించే బాయిలరు
ఒకటి కాస్తా మూడవుతుందట.
అభ్యంతరాలుంటే పద్నాలుగు రోజుల్లోగా
లిఖితపూర్వకంగా.

మూడో రోజుకి ఓ మేక వచ్చి
'లిఖితపూర్వకంగా' దాకా నమిలేసింది.
తొలి స్పందన అందింది, ఎంట్రీ వెయ్యమ్మా అని
ఖగేశ్వరరావు గారు టీ తెప్పించారు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు.
రిజిస్టరులో ఎర్రసిరాతో గళ్ళు గీసి ఉంచాను:
పేరు, డోరు నంబరు,
అభ్యంతరం ఉంది, అభ్యంతరం లేదు,
సంతకం లేక వేలిముద్ర.
ఫ్యాను గాలికి ఖాళీ పేజీ
లేస్తూ పడుకుంటూ ఉంది.

పన్నెండో రోజు సాయంత్రం
షిఫ్టు దిగి నేరుగా వచ్చేశారు ఇరవై ముగ్గురు,
కొంగుల్లో పొట్టు, ఒంటినిండా మాడు వాసన.
ఉన్నవి నాలుగు కుర్చీలు. ఎవరూ కూర్చోలేదు.
బూర్లె హేమంతి బల్లమీదికి వంగి
రాయమ్మా, అంది.
ఏమని రాయను? ఉందా, లేదా?

"ఉన్నాది. నేదు కూడాను.
పనొద్దనీసి మేమన్నామేటి?
బాయిలరొస్తే మా కోడలికీ ఓ పీట దొరుకుతాది.
ఆ పొగ మాత్తరం
గుంటల బడి కిటికీలోంచి లోనికెల్లిపోతంది.
గొట్టం ఇంకో ఇరవై అడుగులు లేపమను.
మేం కూకున్నకాడ ఓ కిటికీ ఎట్టమను."

వెనకనుంచి ఎవరో: "సబ్బు కూడా రాయి!"
ఇంకెవరో: "రేత్రి రెండుగంటలకి ఆ ఈలొద్దు,
మా మావకి గుండె దడ."

అవన్నీ రాయడానికి గడి లేదండి, అన్నాను.
హేమంతి రిజిస్టరుని తనవైపు తిప్పుకుని చూసింది.
"గడి నువ్వు గీసిందే కాదేటి?"

సిరా పెట్టె తెరిచాను.
బొటనవేలు అద్దింది. నల్లటి మచ్చ పడింది,
లోపల గీత లేదు.
గట్టిగా నొక్కమన్నాను. ఇంకా పెద్ద మచ్చ.
ఇరవయ్యారేళ్ళ జీడిసొన
బూడిద రాసుకున్నా ఆగలేదు,
తోలుతో పాటు గీతలూ తినేసింది.
"రేషను మిషన్‌కీ నానెవులో తెల్దు,
మా పెనిమిటి ఏలు అట్టుకెల్తే బియ్యమిస్తాది,"
అని నవ్వింది, నవ్వితే అందరూ నవ్వారు.

అస్పష్టమైన ముద్ర చెల్లదు.
ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు.
స్కేలు తీసి, ఉన్న రెండు గళ్ళనీ కాస్త కాస్త నొక్కి
మధ్యలో ఇంకొకటి గీశాను.
పైన ఏం రాయాలో తోచక
'ఉంది, కానీ' అని రాశాను.
చోటు చాలక అక్షరాలు చీమలబారయ్యాయి.
సబ్బు రాశాను. ఈల రాశాను.

పద్నాలుగో రోజు, ఆఖరి గంటలో
కంపెనీ మేనేజరు వచ్చాడు,
బల్లకో పావుకిలో పప్పు పొట్లం,
నలభై సంతకాల కాగితం:
అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు.
ఒకే పెన్ను, ఒకే వాలు, ముత్యాల్లాంటి అక్షరాలు.
తొమ్మిదో పేరు తామాడ దండాసి.
తిత్లీ తుపానుకి జీడిమాను మీదపడి పోయాడు,
మరణ ధ్రువపత్రం రాసింది నేనే.

ఫైలు శ్రీకాకుళం వెళ్ళి జీడిపాకంలా సాగి
నాలుగు నెలలకి ఒక మెమో వచ్చింది.
నలభై సంతకాలు స్పష్టముగా నున్నవి.
ఇరవై మూడు ముద్రలు పరిగణించుటకు వీలులేదు.
నమూనాలో లేని గడి ఏల గీయబడినదో
సంబంధిత గుమస్తా మూడు రోజుల్లో
సంజాయిషీ ఇవ్వవలెను.

ఇవాళ మూడో రోజు.
మొదటి వాక్యం కుదరడం లేదు.
కార్బను కోసం సొరుగు లాగితే
విప్పని పొట్లం, అంచు చిరిగి,
ఒక పప్పు బయటికి జారింది.
బద్ద కాని గుండు పప్పు,
బొటనవేలి కొసంత,
నున్నగా,
వెతికినా ఒక్క గీత లేకుండా.